దిశాంక్ యాప్ సమీక్ష: బెంగళూరులో సైటు కొనేవాళ్ళకు ఎంతవరకు పనికొస్తుంది?

ఊళ్ళో అడంగల్, 1బీ చూసుకుని, 22ఏ నిషేధిత జాబితా తిరగేసి కొనే అలవాటున్నవాళ్ళు బెంగళూరులో సైటు కొనబోతే మొదట ఎదురయ్యే చిక్కు ఒకటుంది. కాగితాలన్నీ చేతికి వస్తాయి. ఆ కాగితం చెప్పే నేల ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, పక్కన ఉన్నది పట్టా పొలమో, చెరువో, పశువుల మేత కోసం వదిలిన గోమాళమో మాత్రం ఎవరూ గీత గీసి చూపించరు. దిశాంక్ ఆ గీత చూపిస్తుంది. కర్ణాటక రెవెన్యూ శాఖలోని సర్వే విభాగం కోసం కర్ణాటక స్టేట్ రిమోట్ సెన్సింగ్ అప్లికేషన్స్ సెంటర్ తయారుచేసిన ఈ యాప్ 2018లో జనం చేతికి వచ్చింది. డబ్బు కట్టే పని లేదు. కన్నడ, ఇంగ్లీషు మాత్రమే ఉన్నాయి, తెలుగు లేదు. కన్నడ లిపి కూడబలుక్కుని చదవగలిగిన తెలుగువాళ్ళకు అదేమంత అడ్డు కాదు.

తీర్పు ముందే చెప్పేస్తాను. ఒక స్థలాన్ని వద్దనుకోవడానికి దిశాంక్ చాలా గట్టి సాధనం. కొనవచ్చు అని తేల్చుకోవడానికి మాత్రం ఒక్క దిశాంక్ ఎప్పటికీ చాలదు. ఈ తేడా పట్టుకుంటే యాప్ విలువ తెలుస్తుంది. పట్టుకోకపోతే ఏజెంటు చూపించే స్క్రీన్‌షాటే పట్టా అనిపిస్తుంది.

చేసే పని సూటిగా చెప్పాలంటే, పాత గ్రామపటాలను స్కాన్ చేసి, కంప్యూటర్లో మళ్ళీ గీసి, ఉపగ్రహ చిత్రం మీద పరిచారు. మీరు నిలబడ్డ చోటు ఏ సర్వే నంబరులో పడుతుందో చుక్క పెట్టి చూపిస్తుంది. నంబరు ఇస్తే ఆ పొలం ఆకారం, దాని చుట్టూ ఉన్న నంబర్లు కనిపిస్తాయి. ‘భూమి’ అనే కర్ణాటక కంప్యూటర్ భూరికార్డుల నుంచి యజమానుల పేర్లు, విస్తీర్ణం తెచ్చిపెడుతుంది. దూరం, వైశాల్యం కొలిచే వీలుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి

జీపీఎస్‌తో మొదలుపెట్టకండి. ఏజెంటు తీసుకెళ్ళి నిలబెట్టిన చోట యాప్ తెరిస్తే ఆ చోటు నంబరు వస్తుంది. అమ్మే కాగితంలోని నంబరు అదేనా అన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది. ముందు ఇంట్లో కూర్చుని సేల్ డీడ్ షెడ్యూలు నుంచి జిల్లా, తాలూకా, హోబళి (తాలూకాలో కొన్ని ఊళ్ళ గుంపు), గ్రామం, సర్వే నంబరు, హిస్సా (సర్వే నంబరులో విడగొట్టిన భాగం) నంబరు రాసుకోండి. అమ్మేవాళ్ళు సైటు నంబరు, ఖాతా (ఆస్తిపన్ను రికార్డు) నంబరు మాత్రమే ఇచ్చి ‘సర్వే నంబరు మీకెందుకు సార్’ అంటే బేరం అక్కడే ఆపండి. దిశాంక్‌కు సైటు నంబర్లు తెలియవు, దాని లెక్కంతా మూల సర్వే నంబరు మీదే. బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ (బీడీఏ) లేఅవుట్లలో కూడా కింద ఉన్న పాత నంబరే కనిపిస్తుంది.

హోబళి దగ్గర మనవాళ్ళు తరచూ తప్పుతారు. ప్రకటనలో ‘సర్జాపుర రోడ్డు’ అని ఉన్నంత మాత్రాన అది సర్జాపుర హోబళి కాదు. ఆ రోడ్డు మీది ఊళ్ళు కొన్ని బెంగళూరు ఈస్ట్ తాలూకా వర్తూరు హోబళిలో ఉంటే, కొన్ని ఆనేకల్ తాలూకా సర్జాపుర హోబళిలో ఉన్నాయి. తాలూకా మారితే ప్లాను మంజూరు చేసే అథారిటీ మారవచ్చు, జోనింగు మారవచ్చు. పెద్ద చెరువుల విషయంలో ఇంకో మెలిక ఉంది. చెరువు పేరు చివర ‘అమానికెరె’ చేర్చి దాన్ని వేరే రెవెన్యూ గ్రామంగా రాసి ఉంటుంది. బెళ్ళందూరు వేరు, బెళ్ళందూరు అమానికెరె వేరు. షెడ్యూలులో గ్రామం పేరు అమానికెరెతో ముగిస్తే మిగతా కాగితాలు ఎంత శుభ్రంగా ఉన్నా అడుగు ముందుకు వేసే ముందు లాయరుకు చూపించండి.

వివరాలు తెరిచాక ‘సర్‌నాక్’ అని, సర్వే నంబరుకు తోడుగా వచ్చే గుర్తు కోసం, ఒక గడి వస్తుంది. అక్కడ చాలాసార్లు నక్షత్రం గుర్తు మాత్రమే ఉంటుంది, అది తప్పు కాదు. దాన్ని ఎంచుకుని, తర్వాత హిస్సా ఎంచుకుంటే యజమానుల పేర్లు వస్తాయి. ఆ పేర్లను అమ్మేవాళ్ళ పేరుతో, వాళ్ళకు అమ్మినవాళ్ళ పేరుతో సరిచూడండి.

ఆ తర్వాతే స్థలం దగ్గరకు వెళ్ళాలి. ఆరుబయట ఫోన్ జీపీఎస్ 3 నుంచి 5 మీటర్ల తేడాతో చూపిస్తుంది. ఎత్తైన అపార్ట్‌మెంట్ల మధ్య ఆ తేడా 10, 20 మీటర్లకు పోతుంది. అందుకని సైటు మూలల్లో కాకుండా ముందు లేఅవుట్ మధ్యలో నిలబడి నంబరు చూడండి, తర్వాత అంచుల దగ్గరకు నడవండి. మధ్యలో కూడా వేరే నంబరు వస్తే జీపీఎస్ తప్పని సర్దుకుపోకూడదు. మీకు చూపిస్తున్న నేల, అమ్ముతున్న నేల ఒకటి కాకపోవచ్చు.

గీతను ఎంత నమ్మవచ్చు

అసలు విషయం ఇక్కడుంది. ఇక్కడి గ్రామపటాలు ఎక్కువగా మైలుకు 8 అంగుళాల లెక్కన గీసినవి. అంటే అంగుళానికి 660 అడుగులు, 1:7920. కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద దాదాపు 8 మీటర్లు. 30×40 సైటు వెడల్పు 30 అడుగులు, అంటే 9.1 మీటర్లు. ఆ పటం మీద మీ సైటు మొత్తం వెడల్పు మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. అర మిల్లీమీటరు మందం ఉన్న సిరా గీతే నేల మీద 4 మీటర్లు మింగేస్తుంది. దానికి కాగితం ముడుచుకుపోవడం, చేతితో తిరగ్గీసినప్పటి తేడా, ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టేటప్పుడు వచ్చిన జరుగుడు కలపండి. ఫోన్లో వేళ్ళతో ఎంత పెద్దది చేసి చూసినా గీత సన్నగా, స్పష్టంగానే కనిపిస్తుంది. ఆ స్పష్టత స్క్రీనుది, కొలతది కాదు. ప్రహరీ ఎక్కడ కట్టాలో దిశాంక్ చూసి ఎవరూ నిర్ణయించకూడదు.

దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటి. గ్రామపటాలు ఏ ఊరికి ఆ ఊరు విడిగా గీసినవి. పక్కపక్క ఊళ్ళ పటాలను కలిపితే అంచులు సరిగ్గా అతకవు, కొన్నిచోట్ల సందు మిగులుతుంది, కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది. ఊరి పొలిమేరలు ఎక్కడ ఉంటాయో తెలిసిందే: వాగు, కాలువ, లోయ అడుగు, చెరువు. బెంగళూరులో ఏడాది పొడవునా పారే పెద్ద నది లేదు. వాన నీళ్ళను హెబ్బాళ, కోరమంగళ-చల్లఘట్ట, వృషభావతి లోయల వెంట గొలుసుకట్టు చెరువుల్లో ఆపుకుని బతికిన నేల ఇది. పై చెరువు అలుగు నీళ్ళను కింది చెరువుకు చేర్చేవే రాజకాలువలు. అవి చాలాచోట్ల రెండు ఊళ్ళ సరిహద్దులోనే నడుస్తాయి. కాబట్టి మీకు గీత అత్యవసరమైన చోటే, అంటే కాలువ పక్కన, చెరువు అంచున, ఈ పటం బాగా బలహీనంగా ఉంటుంది. సైటు గ్రామ సరిహద్దుకు 50 మీటర్ల లోపు ఉంటే రెండు ఊళ్ళ పటాలూ విడివిడిగా చూడాలి. సర్వే శాఖ వెబ్‌సైట్లో రెవెన్యూ గ్రామపటాల పీడీఎఫ్‌లు ఉచితంగా దొరుకుతాయి. రెండింటిలో ఏ ఒక్కదానిలో కాలువ గీసి ఉన్నా కాలువ ఉన్నట్టే లెక్క వేసుకోండి.

మీ చుట్టుపక్కల పటం ఎంత జరిగిందో మీరే కొలుచుకోవచ్చు. పాత పటంలోనూ, నేటి ఉపగ్రహ చిత్రంలోనూ కనిపించే పాత గుర్తు ఒకటి వెతకండి. చెరువు కట్ట, పాత రైలు పట్టా, పాత ఊరికి పోయే బండిదారి, దేవాలయపు కోనేరు లాంటివి పనికొస్తాయి. పటంలో గీత, చిత్రంలో వస్తువు మధ్య దూరం యాప్‌లోనే కొలవండి. గీత తూర్పుకు 9 మీటర్లు జరిగి ఉందనుకుంటే, మీ సైటు దగ్గర గీతలను కూడా సుమారు అంతే పడమరకు జరిపి చదవండి. 300, 400 మీటర్ల లోపు ఇలాంటి గుర్తులు కనీసం మూడు తీసుకోండి. మూడూ ఒకే దిక్కుకు, ఇంచుమించు ఒకే దూరం జరిగి ఉంటేనే ఆ సవరణ పనికొస్తుంది. తలో దిక్కుకు పోతే ఆ చోట పటాన్ని నమ్మే వీల్లేదు, సర్వేయరును పిలవాల్సిందే. కొత్త తారు రోడ్డును, అపార్ట్‌మెంట్ ప్రహరీని గుర్తుగా తీసుకోవద్దు. ఆక్రమణ చేసింది ఆ ప్రహరీయే కావచ్చు.

ఖరాబు: పటంలో కనిపించని ప్రభుత్వ నేల

పెద్ద చెరువుకు సొంత సర్వే నంబరు ఉంటుంది, దిశాంక్‌లో తేలిగ్గా దొరుకుతుంది. పెద్ద కాలువ కూడా ఎక్కువగా కనిపిస్తుంది. చిన్న పిల్లకాలువ, కాలిబాట, బండిదారి మాత్రం పట్టా సర్వే నంబరు లోపలే ‘బి ఖరాబు’గా రాసి ఉంటాయి. పటం మీద ఆ నంబరంతా ఒకే ముక్కలా కనిపిస్తుంది. యాప్ చూసి ‘ప్రభుత్వ భూమి లేదు’ అని ఊపిరి పీల్చుకునేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

దీనికి మందు ఆర్‌టీసీ, అంటే భూమి హక్కు, సాగు వివరాల పత్రం; కర్ణాటకలో పహణి అంటారు. మూడో కాలమ్ చూడండి. మొత్తం విస్తీర్ణం, ఎ ఖరాబు, బి ఖరాబు, మిగిలినది వరుసగా ఉంటాయి. ఎ ఖరాబు అంటే సర్వే నాటికి సాగుకు పనికిరాని నేల, రైతు కళ్ళం, కొట్టం లాంటివి ఇందులోకి వస్తాయి. బి ఖరాబు అంటే దారి, వాగు, కుంట, శ్మశానం లాంటి ప్రజా అవసరాలకు వదిలిన నేల. పట్టాదారు దాన్ని అమ్మలేడు. కన్వర్షన్ (సాగు నేలను ఇతర వాడకానికి మార్చే) ఉత్తర్వు ఉందన్న కారణంతో అది పట్టాదారుది అయిపోదు.

లెక్క రాయడం దగ్గర ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ఇక్కడ 2-10 అని ఉంటే రెండెకరాల పది గుంటలు, రెండెకరాల పది సెంట్లు కాదు. గుంటంటే 33 అడుగుల గొలుసు పొడవు, అంతే వెడల్పు: 1089 చదరపు అడుగులు, 121 గజాలు, మన లెక్కలో రెండున్నర సెంట్లు. 40 గుంటలు ఎకరం. పది గుంటలను పది సెంట్లుగా చదివితే లెక్కలో ఆరు గుంటలు తేడా వస్తుంది.

ఇప్పుడు ఒక లేఅవుట్‌ను ఇలా పరీక్షించండి. ఆర్‌టీసీలో 2-10, అందులో బి ఖరాబు 8 గుంటలు అనుకుందాం. 90 గుంటల్లోంచి 8 పోగా 82 గుంటలు, అంటే 89,298 చదరపు అడుగులు. రోడ్లు, పార్కు, పౌర సౌకర్యాల స్థలం వదిలాక మంజూరైన లేఅవుట్లో సైట్లకు మిగిలేది సుమారు 55 శాతం, 49,000 చదరపు అడుగుల పైచిలుకు. 30×40 సైట్లు 40 వస్తాయి. బ్రోషరులో 60 సైట్లు గీసి ఉంటే 72,000 చదరపు అడుగులు, ఆ 82 గుంటల్లో 80 శాతం. పార్కు అయినా మింగి ఉండాలి, కాలువ అయినా మింగి ఉండాలి. ఈ లెక్కకు పావుగంట చాలు. సేల్ డీడ్ స్టాంపు డ్యూటీ కట్టే ముందు ప్రతి కొనుగోలుదారూ చేయాలని నా గట్టి కోరిక.

బఫర్

హైదరాబాదులో హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్, బఫర్ అన్న మాటలు మనవాళ్ళందరికీ అలవాటయ్యాయి. మొదటిది చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు, బఫర్ అంటే చెరువు, కాలువల పక్కన కట్టడాలు లేకుండా వదలాల్సిన మేర. బెంగళూరు అంకెలు వేరు. 2007లో ఆమోదించిన మాస్టర్ ప్లాన్ 2015 ప్రకారం ప్రధాన కాలువకు 50 మీటర్లు, ద్వితీయానికి 25, తృతీయానికి 15. ఇవి కాలువ నడిమధ్య నుంచి లెక్క. చెరువుకు 30 మీటర్లు. 2016 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ వీటిని చెరువుకు 75, కాలువలకు అంచు నుంచి 50, 35, 25గా పెంచింది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ పెంపును కొట్టేయడంతో పాత అంకెలే తిరిగి వచ్చాయి. నియమాలు మళ్ళీ మారవచ్చు, మంజూరు నాటికి ఏది అమల్లో ఉందో అధికారికంగా అడగండి. చెరువు బతకాలని కోరుకునేవాళ్ళు ఎక్కువ అంకెనే పాటించడం మంచిదని నా అభిప్రాయం.

తృతీయ కాలువకు 15 మీటర్లంటే 49 అడుగులు. 30×40 సైటు లోతు 40 అడుగులు. కాలువ నడిమికి ఆనుకున్న సైటు ఆ అతి చిన్న బఫర్‌లోనే మొత్తం మునిగిపోతుందన్నమాట. దిశాంక్‌లో కొలిచేటప్పుడు కాలువ నడిమి నుంచి మొదలుపెట్టండి. వచ్చిన దూరంలో, ఇందాక చెప్పిన పటం జరుగుడు కోసం 10 మీటర్లు తీసేసి చూడండి. అప్పుడు కూడా బఫర్ బయటే ఉంటే కొంత ధైర్యంగా ఉండవచ్చు.

‘ఆ కాలువ ఎప్పుడో మూసుకుపోయింది సార్’ అనే మాట ప్రతి లేఅవుట్లో వినిపిస్తుంది. కాలువ మూసినా నీళ్ళు పల్లానికే పోతాయి. 2022 సెప్టెంబరు వానలకు బెళ్ళందూరు, యమలూరు వైపు నీళ్ళు నిలిచింది లోయ అడుగునే. చట్టం దృష్టిలోనూ ఎండిన చెరువు ప్రజల చెరువే. ఊరి ఉమ్మడి నేలల ఆక్రమణలను తొలగించాలని జగ్‌పాల్ సింగ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. 2016 ఆగస్టులో అవని శృంగేరి నగర్‌లో రాజకాలువ పేరుతో కూల్చిన ఇళ్ళలో కాగితాలు, బ్యాంకు రుణాలు ఉన్నవీ ఉన్నాయి. ప్రభుత్వమే ధర్మాంబుధి చెరువు మీద బస్టాండు, సంపంగి చెరువు మీద స్టేడియం కట్టిన ఊరు ఇది, నిజమే. కానీ ఆ వాదన మీ సైటును కాపాడదు, కింది చెరువును అసలే కాపాడదు.

పటంలో అనుమానం వచ్చిన చోట గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు తిప్పి చూడండి. 2000ల మొదట్లో వరుసగా పచ్చటి గీతలా కనిపించిన చెట్లు, ఇప్పుడు చదునుగా ఉంటే అక్కడ కాలువ ఉండి ఉండవచ్చు.

‘పైకి’ నంబర్లు

సర్వే నంబరు పక్కన పీ1, పీ2 అని ఉంటే, లేదా కాగితంలో ‘పైకి’ అని ఉంటే యాప్ మీకు దాదాపు ఏమీ చెప్పలేదు. పెద్ద గోమాళంలోంచి భూమిలేనివాళ్ళకు రెండేసి ఎకరాలు మంజూరు చేసి, కొలిచి హద్దులు వేయకుండా వదిలేసిన నేలలివి. ఆర్‌టీసీలో ఇరవై మంది పేర్లుంటాయి. పటంలో మాత్రం గోమాళం మొత్తం ఒకే ముక్క. ఎవరి రెండెకరాలు ఏ మూలన ఉన్నాయో దురస్తు, పోడి (కొలిచి, విడగొట్టి, హద్దులు వేయడం) జరిగేదాకా తేలదు. పైగా గ్రహీత ఎస్సీ, ఎస్టీ అయితే వాళ్ళకు మంజూరైన నేల చేతులు మారకుండా తెచ్చిన 1978 పీటీసీఎల్ చట్టం కింద ప్రభుత్వ అనుమతి లేని అమ్మకం చెల్లదు. 2023 సవరణ తర్వాత పాత అమ్మకాన్ని ప్రశ్నించడానికి కాలపరిమితి కూడా లేదు. ఇలాంటివి చవకగా వస్తాయి. నా సలహా ఒకటే, వదిలేయండి.

మిగతా లోపాలు, రేటింగు

హిస్సా హద్దులు ఎక్కువ చోట్ల కనిపించవు, మూల నంబరు హద్దే ఉంటుంది. ఈసీ (నేల మీద లావాదేవీల, అప్పుల పత్రం) కోసం రిజిస్ట్రేషన్ శాఖ పోర్టల్ కావేరి 2.0, ఖాతా కోసం ఈ-ఖాతా, జోనింగు కోసం ప్లానింగ్ అథారిటీ, ఇవన్నీ విడిగా చూడాల్సిందే. సిగ్నల్ లేని చోట పటం తెరుచుకోవడం కష్టం, కాబట్టి బయలుదేరే ముందే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. తేదీ, సమయం కనిపించేలా తీయండి.

యాప్‌తో తిరస్కరించలేకపోయిన స్థలానికి తర్వాతి మెట్టు సర్వే ఆఫీసు. మూల టిప్పణి, ఆకార్‌బంద్ (సర్వే నంబరు వారీగా విస్తీర్ణం, శిస్తు రాసిన రిజిస్టరు) నకళ్ళు అడగండి. గొలుసు కొలతలు టిప్పణిలోనే ఉంటాయి, మన ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) లాంటిది. ఆకార్‌బంద్ విస్తీర్ణం, ఆర్‌టీసీ విస్తీర్ణం సరిపోలకపోతే కారణం తేలేదాకా అడ్వాన్సు ఇవ్వవద్దు. వ్యవసాయ నంబరులో కొంత భాగమే కొంటే 11ఈ స్కెచ్ (ఆ భాగాన్ని కొలిచి గీసిన సర్వే పటం) లేకుండా రిజిస్ట్రేషన్ కాదు. హద్దు మీదే అనుమానమైతే సర్వే శాఖ దరఖాస్తుల వ్యవస్థ మోజిణిలో హద్దుబస్తుకు (సర్వేయరు హద్దులు గుర్తించడానికి) దరఖాస్తు అమ్మేవాళ్ళ చేతే పెట్టించండి.

స్థలం వద్దని తేల్చడానికి 5కు 4.5. కొనవచ్చని తేల్చడానికి 5కు 1. ప్రభుత్వ నేలల మీద నిఘాకు ల్యాండ్ బీట్ యాప్‌తో గ్రామస్థాయి ఉద్యోగులు ఇప్పుడు ఫోన్లు పట్టుకుని తిరుగుతున్నారు. వాళ్ళు చూసే చెరువు, కాలువ, గోమాళం హద్దులే కొనేవాళ్ళకూ కనిపించాలి. దిశాంక్‌లో ఇంకా మూడు రావాలి: ప్రతి ఊరి పటం ఏ సంవత్సరపు సర్వేదో పక్కనే రాయడం, ఆ ఊళ్ళో గీత ఎన్ని మీటర్లు అటూ ఇటూ కావచ్చో చూపడం, బి ఖరాబు ఉన్న ప్రతి నంబరుకు వేరే రంగు వేయడం. మూడోదానికి కొత్త సర్వే కూడా అక్కర్లేదు, ఆర్‌టీసీ మూడో కాలమ్‌లో సమాచారం ఇప్పటికే ఉంది.